మంచురేవులో జలపాతం

మూడో అంతస్తు,
లిఫ్టు పనిచేయని ఇల్లు.

గౌరవనీయులైన కళా దర్శకురాలు గారికి,

ఆరేళ్ళ తరవాత రాస్తున్నాను కాబట్టి ఎవరో గుర్తుపట్టకపోవచ్చు. నేను తమరి అన్నగారి భార్యను. ఆయన పోయిన వారానికి మా గుమ్మంలో నిలబడి, "మా అన్నయ్య గదికి తాళం వేయడానికి నువ్వెవరు?" అని అడిగి వెళ్ళిపోయారు చూడండి, ఆ తాళం వేసిన మనిషిని.

నిన్న పేపర్లో ఫోటో చూశాను. ఆయన నవల 'మంచురేవు' సినిమాగా తీస్తున్న సంగతి నాకు తెలుసు. హక్కులు రాసిచ్చింది నేనే. సెట్లు వేస్తున్నది తమరని మాత్రం పేపరు చూసేదాకా తెలియదు. ఫోటో కింద 'అన్న ఊహించిన లోకానికి ప్రాణం పోస్తున్న చెల్లెలు' అని వేశారు. ప్రాణం పోయడం మాట దేవుడెరుగు, ఉన్న ఊపిరి కూడా తీసేశారు.

ఆ కొండ మీంచి దూకుతున్నది ఏమిటండీ? జలపాతమా?

నవలలో ఆ ఊరు కొండ అంచున ఉంటుంది. కింద లోయ. సాయంత్రమైతే లోయలోంచి మంచు లేచి అంచుదాకా నిండుతుంది, జనం దాని మీద పడవలు నడుపుతారు. పొద్దున మంచు దిగిపోతే పడవలు గోడకు వేలాడతాయి. అక్కడ పారే నీళ్ళు లేవు. మంచును గుడ్డల్లో పట్టి, పిండుకుని తాగుతారు. ఆ గుడ్డల కోసమే రెండు వాడల మధ్య యుద్ధం. నాలుగు వందల పేజీలూ ఆ యుద్ధమే. పెరట్లో అంత జలపాతం పెట్టుకుని గుడ్డల కోసం కొట్టుకు చచ్చే జనం ఎంత వెర్రివాళ్ళయి ఉండాలి! బిందె పట్టుకెళ్తే కథ మొదటి పేజీలోనే అయిపోయేది కదా.

పైగా ఆ బంగారు శిఖరాలొకటి. పెళ్ళి మండపం అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర మిగిలినవి తెచ్చారా?

ఫోన్ చేయకండి. తమరి గొంతు వింటే పెట్టేస్తాను. ఉత్తరమైతే చింపేలోపు కనీసం చదువుతాను.

ఇట్లు,
తమరి వదిన


సెట్ల షెడ్డు,
రంపాల చప్పుడు మధ్య.

వదినగారికి,

మీ ఉత్తరం ముప్పై మంది వడ్రంగుల మధ్య విప్పాను. నేను నవ్వుతుంటే ఏమిటని అడిగారు. "మా వదినగారు సాహిత్య విమర్శ మొదలుపెట్టారు" అన్నాను.

దుమ్ము దులపడానికి తప్ప ఆ పుస్తకాన్ని మీరు ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. అన్నయ్య రాసుకుంటుంటే మీరు పక్కగదిలో సర్వే ఆఫీసు కాగితాలు ముందేసుకుని స్కేలుతో గీతలు కొట్టుకునేవారు. మనిషి లోకాలు సృష్టిస్తుంటే పక్కనే కూర్చుని పొలం గట్లు కొలిచిన ఇల్లాలు మీరు. ఇప్పుడు హఠాత్తుగా నాలుగు వందల పేజీలూ నాకు పాఠం చెబుతున్నారు!

జలపాతం నాది కాదు, నిర్మాతది. ఆయన పుస్తకం చదవలేదు, అట్ట చూశాడు. "ఇంత పెద్ద కొండ ఉండి నీళ్ళు దూకకపోతే జనం ఏం చూస్తారమ్మా?" అన్నాడు. దర్శకుడు సగం చదివాడు. ఏ సగమో అతనికే తెలియదు. ప్రతి నమూనా ముందూ నిలబడి, గడ్డం గోక్కుని, "బావుందండీ, కానీ చూడగానే అబ్బా అనిపించట్లేదు" అంటాడు. ఆ 'అబ్బా' కోసం మూడు నెలల్లో ఊరు ఐదుసార్లు కూల్చి కట్టాను. ఆరోసారి బంగారు శిఖరాలు పెట్టాను. అతను "అబ్బా" అన్నాడు. నాకు "ఛీ" అనిపించింది. కానీ ఆ మాట మీతో అనిపించుకోవడానికి సిద్ధంగా లేను.

ఇంకోమాట. నేను ఆ ఊరిని పద్నాలుగేళ్ళ వయసు నుంచీ, అన్నయ్య ఇంకా రాయకముందు నుంచీ, అతని నోటి వెంట విన్నాను. మీరు తర్వాత వచ్చారు. హక్కులు అమ్ముకున్నారు, సంతకం పెట్టారు, అయిపోయింది. ఇక కొండ సంగతి నాకు వదిలేయండి.

ఇట్లు,
మరదలు


మూడో అంతస్తు.

అమ్మాయ్,

తమరు తమరు అని రాస్తుంటే చెయ్యి నొప్పి పుడుతోంది. ఇక నువ్వనే రాస్తాను.

ఆదివారం అనుబంధంలో మళ్ళీ ఫోటోలు వేయించుకున్నావు. రేవు మెట్లు బాగా కనిపించాయి. భూతద్దం పెట్టి చూశాను. నలభై ఏళ్ళు ఆ భూతద్దంతోనే అన్నం తిన్నాను కదా.

ఒకటి. మెట్లు అరిగినట్టు కనిపించాలని మధ్యలో గుంటలు చెక్కించావు. ఏ సినిమా కోటలో చూసి నేర్చుకున్నావో! ఒక పక్క గోడ, ఇంకో పక్క లోయ ఉంటే ఎవడమ్మా మధ్యలో నడిచేది? గోడ రాసుకుంటూ నడుస్తారు. మెట్టు గోడ వైపే అరగాలి. గోడ కూడా భుజం ఎత్తున నున్నగా మెరవాలి.

రెండు. పడవలు కట్టే కొక్కేలు స్తంభాలకు దక్షిణం వైపు కొట్టించావు. మంచు వచ్చేది దక్షిణం నుంచే. అది లేచినప్పుడల్లా పడవ వెళ్ళి స్తంభానికి కొట్టుకుంటుంది. వారం తిరిగేసరికి మీ రేవులో పడవలుండవు, పుల్లలుంటాయి. కొక్కెం ఉత్తరం వైపుండాలి. అప్పుడు మంచు పడవను స్తంభం నుంచి దూరంగా నెడుతుంది, తాడు బిగుస్తుంది, పడవ నిలబడుతుంది.

ఇంత చదువు చదివి, ఇన్ని సినిమాలు చేసి, ఒక కొక్కెం ఏ వైపు కొట్టాలో తెలియకపోతే ఇంట్లో కూర్చోవచ్చు కదా. ఫ్యాను కింద హాయిగా ఉంటుంది.

వదిన


సెట్ల షెడ్డు.

వదినగారికి,

మీ ఉత్తరం చెత్తబుట్టలో వేశాను. మా పెద్ద మేస్త్రీ తీసి చదివాడు. అతనికి అరవై దాటింది, ఎవరి మాటా వినడు. నమూనా దగ్గరికి వెళ్ళి, ఒక స్తంభానికి కొక్కెం అటు మార్చి, చిన్న పడవ కట్టి, దక్షిణం నుంచి పొగ వదిలి ఫ్యాను పెట్టాడు. పాత కొక్కెం పడవ టకటకా కొట్టుకుంది. మార్చిన పడవ తాడు బిగించుకుని బుద్ధిగా నిలబడింది. అతను నా వైపు చూసి, "ఈ ఉత్తరం రాసినాయన ఎవరమ్మా?" అన్నాడు. "ఆయన కాదు, ఆవిడ" అన్నాను. "అయితే ఆవిడను అడిగే చేద్దాం" అన్నాడు. నా షెడ్డులో, నా మేస్త్రీ!

తరవాత పుస్తకం తీసి రెండుసార్లు జల్లెడ పట్టాను. 'పడవలు గోడకు వేలాడుతున్నాయి' అని తప్ప కొక్కేల మాట ఎక్కడా లేదు. మంచు ఏ దిక్కు నుంచి వస్తుందో ఒక్క పేజీలోనూ లేదు. మరి మీకెలా తెలిసింది?

అన్నయ్య రాసుకున్న నోట్సు మీ దగ్గరున్నాయి. ఇక నాకు అనుమానం లేదు. ఆ గదికి తాళం వేసింది అందుకే. నేను వెదురు బద్దలతో గుడ్డిగా ఊరు కడుతుంటే మీరు బీరువాలో అసలు పటాలు పెట్టుకుని, భూతద్దంలోంచి నా తప్పులు లెక్కపెడుతూ వినోదిస్తున్నారు. అన్నయ్య కాగితాలు అన్నయ్యవి, మీ నగలు కావు. పంపండి.

మరదలు


మూడో అంతస్తు.

అమ్మాయ్,

నోట్సు లేవు, గీట్సు లేవు. మీ అన్నయ్య చెప్పేవాడు, విన్నాను, అంతే.

దీనితో పాటు కొండ అంచును నిలువునా కోస్తే ఎలా ఉంటుందో చూపే కోత పటం ఒకటి పంపుతున్నాను. పైనుంచి కింది చప్టా దాకా మెట్ల మలుపులు మూడు, మెట్టు ఎత్తు, లోతు అన్నీ వేశాను. స్కేలు మూలలో ఉంది. నీకు చూడటం రాకపోతే మీ మేస్త్రీకివ్వు. అతనెవరో గానీ బుర్ర ఉన్నవాడిలా ఉన్నాడు.

వదిన


సెట్ల షెడ్డు. పని ఆపేసిన రోజు.

వదినా,

పటం మేస్త్రీకి ఇవ్వలేదు. మూడు రోజులుగా నా బల్ల మీదే ఉంది. దాని పక్కన ఇంకొకటి పెట్టుకుని చూస్తున్నాను.

నా పెళ్ళికి అన్నయ్య 'మంచురేవు' మొదటి అధ్యాయం రాతప్రతి కానుకగా ఇచ్చాడు. నీకు గుర్తుందో లేదో. అద్దం కట్టించి గోడకు పెట్టుకున్నాను. పాతికేళ్ళుగా వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించాను. అందులో కథానాయిక, ఆ పిల్ల, కొండ అంచుకు పరుగెత్తుకొస్తుంది. అక్కడ అన్నయ్య రాత ఆగిపోతుంది. 'ఊరు, ఒక పేజీ' అని రాసి, కింద గీత గీసి, సగం కాగితం ఖాళీగా వదిలేశాడు. మళ్ళీ ఆ పిల్ల మాటలతో మొదలవుతుంది. రచయితలకు ఇలాంటి అలవాట్లుంటాయి కాబోలు అని మురిసిపోయాను. ఖాళీ కాగితానికి కూడా అద్దం కట్టించిన ఘనురాలిని.

ఇవాళ అద్దం విప్పి వెనక్కి తిప్పాను. వెనక సన్నగా పెన్సిలుతో 'చప్టా వెడల్పు సరిచూడాలి' అని ఉంది. చెరిపారు గానీ కనిపిస్తోంది. నీ పటంలో 'చప్టా' అన్న మాటలో 'ప్టా' ఎలా ఉందో అలాగే ఉంది. ఒత్తు కింద ఆ చిన్న తోకతో సహా.

బస్సు దిగి మన ఇంటికి రావడానికి రెండు మలుపులు. ఆ రెండు మలుపుల్లో అన్నయ్య ఎన్నిసార్లు దారి తప్పాడో నాకు తెలుసు. పక్కవీధి వాళ్ళు తీసుకొచ్చి దింపేవారు. నా చిన్నప్పుడు అతను చెప్పిన కథలు కూడా ఇప్పుడు గుర్తుచేసుకుంటున్నాను. పిల్ల ఉంది, యుద్ధం ఉంది, గుడ్డలున్నాయి. ఊరు ఉందా? ఎంత గింజుకున్నా ఊరు గుర్తు రావడం లేదు.

సూటిగా అడుగుతున్నాను. సూటిగా చెప్పు. ఆ పేజీలు ఎవరు రాశారు? ఇన్నేళ్ళూ నువ్వు నాతో అబద్ధమాడావా, లేక అతను అందరితో ఆడాడా?

మరదలు


మూడో అంతస్తు.

అమ్మాయ్,

నేనే రాశాను.

ఇంత ఉత్తరమే చాలు. కానీ నువ్వు ఊరుకునే రకం కాదు, రైలెక్కి వచ్చి పడతావు.

మా ఆఫీసులో పటాల గది ఒకటుండేది. ఎండకు కాగితం సాగుతుందని కిటికీలకు నల్ల రంగు కొట్టేవారు. మగవాళ్ళు గొలుసులూ దుర్భిణీలూ పట్టుకుని కొండలెక్కి కొలుచుకొచ్చేవారు. ఆ లెక్కల పుస్తకాలు చూసి మేము పటం గీయాలి. ఒక్కసారి నన్ను కూడా పంపమని అడిగాను. మా పై అధికారి, "కొండ మీద ఆడవాళ్ళకు ఏం పనమ్మా, చీర ముళ్ళకు పట్టుకుంటుంది" అని నవ్వాడు. ఆ మనిషి గీసిన ఒక వాగు ఎత్తుకు పారింది. దాన్ని దిద్దింది నేను. సంతకం ఆయనది.

నలభై ఏళ్ళు నేను చూడని కొండలు గీశాను. చూడకుండా చూడటం నాకు అలవాటైపోయింది.

మీ అన్నయ్య సాయంత్రాలు రాసేవాడు. మాటలు బాగా రాసేవాడు. మనుషులు కొట్టుకోవడం, ఏడవడం, దొంగచాటుగా ప్రేమించుకోవడం, అవన్నీ అతనివే. అందులో నా అక్షరం ఒక్కటి లేదు. కానీ వాళ్ళు ఎక్కడ నిలబడ్డారో తెలిసేది కాదు. తలుపు ఉన్నచోట గోడ, గోడ ఉన్నచోట నది. ఒకరోజు కాగితాలు తెచ్చి నా బల్ల మీద పడేసి, "ఈ పిల్ల అంచుకొచ్చింది, ముందుకు చూస్తే ఏం కనిపిస్తుందో తెలియట్లేదు" అన్నాడు. "నువ్వే చూసి చెప్పు" అన్నాడు. ఆ రాత్రికి ముందు పటం గీశాను. మంచు ఎటు నుంచి వస్తుందో, పడవలు ఎక్కడ కడతారో, మెట్లు ఎటు తిరుగుతాయో అన్నీ తేలాక ఒక పేజీ రాశాను. అతను చదివి తన కాగితాల మధ్య పెట్టుకున్నాడు. తరవాత 'ఊరు, ఒక పేజీ', 'గంటస్తంభం, అర పేజీ' అని చీటీలు వచ్చేవి. అలా నూట పదహారు పేజీలు.

అచ్చుకు ఇచ్చేముందు అడిగాడు. "నీ పేరు కూడా వేయమంటావా?" అన్నాడు. ఎలా అడిగాడంటే, విందులో చివరి ముక్క చేతిలో పట్టుకుని 'నీకు కావాలా' అని అడుగుతారే, అలా. వద్దన్నాను. అతని భుజాలు దిగాయి. ఊపిరి పీల్చుకున్నాడు. అది చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

ముందుమాటలో 'నా భార్య ఓపికకు' అని రాశాడు. ఓపిక! ఎద్దుకుంటుంది ఓపిక. పద్దెనిమిది ముద్రణల్లో ఆ మాట చూశాను. చూసినప్పుడల్లా కడుపు మండింది.

మీ అన్నయ్య చెడ్డవాడు కాదు. పిరికివాడు. నేనూ తక్కువదాన్నేం కాదు, పౌరుషానికి పోయి వద్దన్నాను. నా కాగితాలు ఆ గదిలో ఉన్నాయి, నీ కంట పడతాయని తాళం వేశాను. అతన్ని నువ్వు దేవుడనుకున్నావు. అనుకోనీ అనుకున్నాను.

ఈ సంగతి నీకూ నాకూ మధ్యే ఉండాలి. నోరు జారావో, నీ మొహం చూడను.

వదిన


కొండ మీద, షూటింగు గుడారం.

వదినా,

నోరు జారాను.

సెట్టు ఇప్పుడు కొండ మీదికి తెచ్చాం. నిజమైన అంచు, నిజమైన లోయ. నీ పటం ప్రకారం మూడు మలుపులూ కట్టాం. మొన్న నిర్మాత వచ్చి, "జలపాతం ఎక్కడమ్మా?" అన్నాడు. "పుస్తకంలో లేదు" అన్నాను. "పుస్తకం రాసినాయన పోయాడు, ఆయనేం వచ్చి అడగడు కదా" అన్నాడు. దర్శకుడు నవ్వాడు. మెట్లు సగానికి తీసేసి, మిగిలిన ఊరు కంప్యూటర్లో వేసుకుంటామన్నారు, అందులో అయితే ఎన్ని జలపాతాలైనా పెట్టుకోవచ్చట. మేస్త్రీ ఉలి కింద పెట్టి నా మొహం చూస్తున్నాడు. "ఊరు రాసినావిడ బతికే ఉంది, మా వదిన" అనేశాను. అంతా చెప్పేశాను.

వాళ్ళు సిగ్గుపడతారనుకున్నాను. దర్శకుడు ఎగిరి గంతేసి, "అబ్బా!" అన్నాడు. నిజమైన 'అబ్బా' అదే, ఇన్ని నెలల్లో. "కన్నీళ్ళు పెట్టించే కథండీ, ప్రచారానికి బ్రహ్మాండంగా ఉంటుంది" అన్నాడు. నిర్మాత, "ఆవిడ ఏడుస్తారా? కెమెరా ముందు ఏడిస్తే బావుంటుంది" అన్నాడు.

నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. ప్రచారం మనిషిని నీ దగ్గరికి పంపుతున్నారు. ఆపలేకపోయాను. తలుపు తీయకు.

నన్ను తిట్టు. ఏమీ రాయకుండా మాత్రం ఉండకు.

మరదలు


మూడో అంతస్తు.

అమ్మాయ్,

నిన్ను తిట్టడానికి కాగితం చాలదు. వచ్చినప్పుడు నోటితో తిడతాను.

ప్రచారం మనిషి వచ్చాడు. మూడంతస్తులు కెమెరా మోసుకుని ఎక్కి రొప్పుతూ కుర్చీలో పడ్డాడు. మంచినీళ్ళిచ్చాను. తాగి, మీ అన్నయ్య ఫోటో గోడ మీంచి తీసి నా ఒళ్ళో పెట్టి, "దీన్ని ఇలా తడుముతూ, మెల్లగా తలెత్తి కిటికీ వైపు చూడండమ్మా" అన్నాడు. "కిటికీలో ఏముంది నాయనా?" అన్నాను. "ఏమీ లేదమ్మా, గతం" అన్నాడు. కిటికీలో ఎదురింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు ఉంది.

ఫోటో తీసి మళ్ళీ గోడకు తగిలించి అతనితో చెప్పాను. "ఏడవను. ఫోటో తడమను. పటాలు బల్ల మీద పరిచి, ఏది ఎలా గీశానో చెబుతాను. అదీ మీ సినిమాలోంచి జలపాతం, బంగారు శిఖరాలు తీసేస్తున్నట్టు కాగితం రాసి తెచ్చాక. మెట్లు పూర్తిగా ఉండాలి. ఒక్కటి తగ్గినా నోరు విప్పను." అతను వరండాలోకి వెళ్ళి గంటసేపు ఫోన్లో బతిమాలాడు. నిన్న కాగితం తెచ్చాడు. సంతకం చూసుకుని, కెమెరా ముందు కూర్చుని, నూట పదహారు పేజీల సంగతి చెప్పాను. పటాల మీద వేలు పెట్టి చూపించాను. అతనికి సగం అర్థం కాలేదు, ఆవులించాడు.

మీ అన్నయ్య పేరుకు నేను కట్టిన వెల ఒక జలపాతం. రాసుకో. తప్పు చేశానో లేదో తెలియదు. నిన్నటి నుంచీ ఆ ఫోటో ఉన్న గోడ వైపు చూడలేదు.

వదిన


కొండ మీద, గుడారం.

వదినా,

జలపాతం పోయింది. శిఖరాలు నేనే దగ్గరుండి పీకించాను. మేస్త్రీ ఒకటి తీసుకెళ్ళి కోళ్ళగూటి మీద పెట్టుకున్నాడు, అక్కడ సరిగ్గా సరిపోయిందట.

నీ ముఖాముఖి అందరూ చూశారు. అభిమానులు మండిపడుతున్నారు. 'మొగుడు పోయాక కీర్తి కాజేస్తున్న ముసలిది' అని ఒకడు రాశాడు. ఆ పుస్తకం పదిసార్లు చదివాడట. పదిసార్లు చదివినవాడికి మాటల చెయ్యి ఒకటి, ఊరి చెయ్యి వేరు అని తెలియలేదు. నాకూ తెలియలేదు అనుకో. వాణ్ణి తిట్టబోయి ఆగిపోయాను.

షూటింగు నిన్నటితో అయిపోయింది. గురువారం సెట్టు కూలుస్తారు. నలభై ఏళ్ళు ఎవడూ నిన్ను కొండ మీదికి పంపలేదు. నేను పంపిస్తున్నాను. టిక్కెట్టు దీంట్లోనే ఉంది. చీర ముళ్ళకు పట్టుకుంటే పట్టుకోనీ.

రా.

నీ మరదలు


మూడో అంతస్తు. వచ్చిన మర్నాడు.

అమ్మాయ్,

క్షేమంగా చేరాను. లిఫ్టు ఇంకా పనిచేయడం లేదు. మోకాళ్ళు నన్ను తిడుతున్నాయి, నేను నిన్ను తిడుతున్నాను.

అక్కడ నీతో ఎక్కువ మాట్లాడలేదని చిన్నబుచ్చుకున్నావు. స్టేషన్లో నీ మొహం చూస్తే తెలిసింది. అక్కడ చెప్పలేనివి ఇక్కడ రాస్తున్నాను.

రంగు ఎక్కువైంది. రాయి అంత నల్లగా ఉండదు, బూడిదరంగు వేయాల్సింది. పడవల అడుగులు మరీ కొత్తగా ఉన్నాయి. ఇవి ముందు చెప్పకపోతే నేను నేనే కాదనుకుంటావు.

నువ్వు లారీల వాళ్ళతో గొడవపడుతుంటే నేను ఒక్కదాన్నే మెట్లు దిగాను. తెలియకుండానే గోడ రాసుకుంటూ దిగాను. నున్నగా ఉంది గోడ. ఎంతమంది వడ్రంగుల భుజాలు రుద్దితే అంత నునుపు వచ్చిందో! మొదటి మలుపు. రెండో మలుపు. మెట్టు ఎత్తు నేను వేసినంతే ఉంది. కాలికి తెలిసింది. కాగితం మీద ముప్పై ఏళ్ళ క్రితం వేసిన అంకె, కాలికి తెలిసింది. మూడో మలుపు తిరిగి కింది చప్టా మీద నిలబడ్డాను. మంచు అప్పుడే లేస్తోంది, మీ యంత్రాలది కాదు, నిజందే. నా పాదాల దాకా వచ్చి ఆగింది.

అప్పుడు తలెత్తి గంటస్తంభం కోసం చూశాను.

కనిపించలేదు.

నవలలో ఆ పిల్ల పారిపోదామని మూటతో కింది చప్టాకు వస్తుంది. తలెత్తితే గంటస్తంభం కనిపిస్తుంది. దాన్ని చూసి వెళ్ళలేక ఆగిపోతుంది. జనం బట్టీ పట్టిన పేజీ అది. పెళ్ళి పత్రికల మీద కూడా అచ్చేసుకున్నారు. అది నేను రాసిన పేజీ. ఆ చప్టా మీద నిలబడితే మూడో మలుపు రాయి అడ్డం వస్తుంది. స్తంభం కనిపించదు. రెండడుగులు అటు జరిగాను, ఇటు జరిగాను, కనిపించదు. పటం నాదే, కోత నాదే, రెండూ పక్కపక్కన పెట్టుకుని కూడా చప్టా నుంచి స్తంభానికి చూపు గీత కలిపి చూసుకోలేదు. ఒక్కసారి కొండెక్కి ఉంటే తెలిసిపోయేది.

పెద్ద మేస్త్రీ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "కనిపించట్లేదు కదమ్మా" అన్నాడు. "నీకెప్పుడు తెలిసింది?" అన్నాను. "కట్టిన రోజే. మలుపు కొంచెం చెక్కేస్తామన్నాం. మేడం పటం ముట్టుకోనివ్వలేదు. స్తంభాన్ని వేరే చోటినుంచి కెమెరాతో తీసి అతికించుకోండని దర్శకుడితో చెప్పారు. ఈ సంగతి మీకు తెలియనివ్వొద్దని మా అందరితో ఒట్టు వేయించుకున్నారు" అన్నాడు. ఒట్టు వేసిన మనిషి అలా చెప్పేయొచ్చా అని అడిగితే, "మీరు చూసేశాక ఇంకా ఒట్టేమిటమ్మా" అన్నాడు.

అదే నాకు అర్థం కావడం లేదు. నా ఉత్తరాల నిండా నీ తప్పులే. నా తప్పు ఒక్కటి దొరికితే ఆర్నెల్లు పండగ చేసుకునే మనిషివి నువ్వు. దొరికింది. కొండంత తప్పు. దాన్ని దాచిపెట్టి, ఎన్ని మాటలన్నా పడ్డావు. జాలిపడ్డావా? జాలి నాకక్కర్లేదు. జాలి కాకపోతే మరేమిటో ఆ మాట నాకు తెలియదు. మీ అన్నయ్య ఉంటే రాసేవాడు. అలాంటివి అతనికి బాగా వచ్చేవి.

నిన్న సాయంత్రం అతని ఫోటో వైపు చూశాను. అతని పేజీలు చదివాను. ఓపిక అన్న మాట దగ్గర ఇంకా మండింది గానీ, దాటి చదివాను. ఇవాళ పొద్దున ప్రచురణకర్తకు రాశాను. పందొమ్మిదో ముద్రణలో మూడు వాక్యాలు మార్చాలి, మార్చే హక్కు నాకుంది అని. నాకుంది అని రాసేటప్పుడు పెన్ను కాసేపు ఆగింది. తరవాత కదిలింది. పేరు కూడా వేయమన్నాను, అతని పేరు కింద. పక్కన కాదు, మాటలు లేకపోతే ఆ ఊళ్ళో ఎవడుంటాడు?

ఆ మూడు వాక్యాలు ఇవి.

'ఆమె కింది చప్టా మీద నిలబడి తలెత్తింది. మలుపు రాయి అడ్డం వచ్చింది, గంటస్తంభం కనిపించలేదు. అది అక్కడే ఉందని తెలిసి, మూట దించింది.'

బాగుందని రాయకు. కొలత సరిపోయిందో లేదో చెప్పు, చాలు.

నీ వదిన